వరదల తర్వాత సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనేముందు చూడాల్సినవి

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు నీట మునిగాయి. అలాంటివన్నీ తుక్కుకే పోవు. రిపేరు ఖర్చు ఐడీవీలో (బీమా కాగితంలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్, అంటే పూర్తి నష్టం కింద తేల్చేస్తుంది. ఆ బండిని వేలంలో కొన్నవాళ్లు సీట్లు ఉతికించి, పాలిష్ పట్టించి మళ్లీ అమ్మకానికి పెట్టొచ్చు. స్విఫ్ట్, వ్యాగనార్, ఐ10 లాంటి వాటికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. వానలు వెళ్లాక నాలుగైదు నెలల పాటు, రేటు మరీ తక్కువ చెప్పిన బండిని అనుమానంగానే చూడండి.

ముందు సీటు బెల్టును చివరికంటా లాగండి. కడిగేవాళ్ల చెయ్యి ఆ చివరి మూరెడు దాకా పోదు. అక్కడ మట్టి చారలుంటే నీళ్లు రీలు దాకా వచ్చినట్టే. బెల్టు తళతళలాడుతుంటే అడుగున లేబుల్ మీది తయారీ తేదీ చూడండి, అది బండి తయారైన నెలకు దగ్గరగా ఉండాలి. డిక్కీలో స్టెప్నీ ఎత్తి కింది గుంతలో మట్టి, తడి ఉన్నాయేమో చూడండి. గడప దగ్గర ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ కింది ఫోమ్ తడిగా ఉందేమో నొక్కి చూడండి. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండికి అడుగున తుప్పు సహజమే. లోపల సీటు బోల్టులకు కూడా పట్టిందంటే మాత్రం అది ఉప్పుగాలి పని కాదు.

ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ సాధారణంగా మధ్య కన్సోల్ కింద, నేలకు ఆనుకుని ఉంటుంది. బండిలోకి నీళ్లొస్తే ముందు తడిసేవాటిలో అదొకటి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, లోపం కనబడకుండా లైటునే పీకేసి ఉండొచ్చు. మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. ఆ రోజు లోపం చూపే కోడ్లేవీ రాకపోయినా ధీమా వద్దు. కనెక్టర్లలో రాగికి పచ్చ చిలుము పట్టి, నెలల తర్వాత పవర్ విండోనో సెన్సరో మొరాయిస్తుంది.

బానెట్ తెరిచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున బురద ఉందేమో చూడండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే, బేరం అక్కడితో ఆపేయండి. మునిగిన ఇంజన్‌కు ఎవరైనా సెల్ఫ్ కొట్టి ఉంటే, సిలిండర్‌లో నీరు గాలిలా నొక్కుకోదు కాబట్టి పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. అయినా బండి స్టార్టయి నడవొచ్చు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో ఒక్క సిలిండర్ మాత్రమే మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపితే వదిలేయండి.

అమ్మేవారి బీమా కాగితంలో ఎన్సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) చూడండి. అదే యజమాని ఏళ్లుగా మానకుండా బీమా కడుతున్నా ఎన్సీబీ సున్నా ఉందంటే, కిందటేడు క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. దేనికో అడగండి. షోరూమ్ సర్వీస్ రికార్డు కూడా తీయించండి.

ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉన్నట్టు రాసి ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ అప్పు నమోదు తీసేయడానికిచ్చే ఫారం 35 చేతికి రాకుండా బయానా ఇవ్వొద్దు. బదిలీకి ఫారం 29, 30 కావాలి. పక్క రాష్ట్రం బండైతే ఫారం 28 ఎన్‌వోసీ తప్పనిసరి. ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఎంతో తెలుసుకుని, బేరంలోనే దాన్ని కూడా లెక్కేసుకోండి.