ఒక గది, రెండు పనులు – 5వ పాఠం: రాత్రి టీపాయ్ ఎక్కడ?

పోయిన పాఠంలో 10 బై 12 అడుగుల హాలు ఇచ్చి, పగలు కూర్చోడానికి, రాత్రి ఇద్దరు పడుకోడానికి ప్లాన్ గీయమన్నాను. చాలామంది సోఫా కమ్ బెడ్ పెట్టి, ‘రాత్రి మంచం’ అని బాణం గుర్తు వేసి ఊరుకున్నారు. అందుకే లైటింగ్ పాఠం వచ్చే వారానికి జరిపాను. స్కేలు, గోడ మందం సంగతి మళ్ళీ చెప్పను.

బాణం గుర్తు మీద ఎవరూ పడుకోలేరు. లెక్క వేయండి. సోఫా 12 అడుగుల గోడకు ఆనింది, ఎదుటి గోడ వైపు తెరుచుకుంటుంది. ఆ వైపు ఉన్నది 120 అంగుళాలు. మూసిన సోఫా లోతు 36, లాగితే 75. ఎదురుగా టీవీ యూనిట్ 18. మిగిలింది 27 అంగుళాలు. బాత్రూమ్‌కి లేచిన మనిషి నడవడానికి బొటాబొటిగా చాలు. మరి 24 అంగుళాల టీపాయ్? మీ డ్రాయింగులో అది పరుపు మధ్యలో నిలబడి ఉంది.

‘పక్కకు జరుపుతారు సార్’ అంటారు. ఎవరు? రోజూనా? పైనున్న పేపర్లు, కళ్ళజోడు, రిమోట్ తీసి మరీనా? రెండు కదలికలకు మించి పని పెట్టారా, వారం తిరిగేసరికి ఆ మంచం పగలు కూడా తెరిచే ఉంటుంది. చదువుకునే రోజుల్లో జ్యూరీలో, అంటే మా డ్రాయింగులను పెద్దలు పరీక్షించే చోట, నన్నూ అడిగారు, ‘రాత్రి టీపాయ్ ఎక్కడ పడుకుంటుంది?’ అని. నోరు పెగల్లేదు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1924లో కట్టిన రీట్‌వెల్డ్ ష్రోడర్ ఇంటి ప్లాన్ వెతికి చూడండి. పై అంతస్తులో గోడల్లా అడ్డుండే జరిపే పలకలు తోసేస్తే ఒకటే హాలు, లాగితే విడి గదులు. కట్టించుకున్నావిడ ముగ్గురు పిల్లల తల్లి. తోసిన పలక ఎక్కడ ఆగుతుందో గమనించండి.

నా పద్ధతి ఇది: పగటి ప్లాన్ మీద బటర్ పేపర్ (కింది గీతలు కనిపించే పల్చటి కాగితం) పరిచి, రాత్రి ప్లాన్ ఎర్ర పెన్నుతో గీస్తాను. కింద ఉన్న ప్రతి వస్తువూ ఎర్రగా ఎక్కడో ఒకచోట తేలాలి. అసలు నేనైతే సోఫా కమ్ బెడ్ జోలికే పోను. కింద డబ్బా ఉన్న దివాన్ వేసి, రెండో పరుపు అందులో పడేస్తాను. అద్దె ఇల్లయితే గోడకు మడిచే మంచం ఊసే వద్దు, ఓనరు మేకు కొట్టనిస్తేనే గొప్ప.

అభ్యాసం: డాబా మీద ముగ్గుపిండితో ఈ గదిని అసలు కొలతలకే గీయండి, రాత్రి ప్లాన్‌తో సహా. ఒకరిని మంచం గీతల్లో పడుకోబెట్టి, దీపాలార్పి, చేతిలో నీళ్ళ చెంబుతో ఆ 27 అంగుళాల దారిలో నాలుగుసార్లు తిరగండి. ముగ్గు చెరిగిన చోటల్లా కొలిచి రాసుకోండి. లైటింగ్ పాఠంలో ఆ కాగితం అడుగుతాను.