ఊరి వంతెనకు నిధులు అడిగే ముందు

"వాతావరణ మార్పుల పేరుతో కోట్లు ఖర్చుపెడుతున్నారు, మా వంతెనకు మాత్రం బస్తా సిమెంటు దొరకదు." ఈ మాట గ్రామసభల్లో తరచూ వింటాను. రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)లో డిప్యూటీ ఇంజినీరు (డీఈ)గా పనిచేసి రిటైరైన నాకు ఆ కోపం న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ రెండు డబ్బులూ వేర్వేరు పద్దుల్లో ఉంటాయి. ఒకచోట తగ్గించినంత మాత్రాన రెండోచోటికి రావు. మీ వంతెన ఏ పద్దుకు సరిపోతుందో తేల్చుకుని అడగాలి.

ముందు రోడ్డు ఎవరిదో కనుక్కోండి: పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారా? అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)ని అడిగితే చెబుతారు.

తర్వాత ఎండాకాలంలో వంతెన కిందికి దిగండి. పైన గుంతలు అందరికీ కనబడతాయి. అసలు ప్రమాదం కింద ఉంటుంది. పునాది చుట్టూ ఇసుక కోసుకుపోయిందా? స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయా? నీళ్లు దిగే గొట్టాలు పూడిపోయాయా? రెక్కగోడ (వంతెన చివర గట్టును ఆపే పక్కగోడ) గట్టు నుంచి విడిపోయిందా? దిగువన ఇసుక తవ్వుతుంటే అదీ రాయండి. ఏటి అడుగు దిగిపోయేకొద్దీ పునాది బయటపడుతుంది. ప్రతి ఫొటోలో టేపు కనబడేలా తీయండి.

అన్నిటికన్నా ముఖ్యం వరద గీత. నీళ్లు తీసిన మర్నాడే గోడ మీద మట్టం గీసి తేదీ వేయండి. ఇలాంటి గీతల్లో అన్నిటికన్నా ఎత్తైనదాన్నే ఇంజినీర్లు హెచ్‌ఎఫ్‌ఎల్ (అత్యధిక వరద మట్టం) అంటారు. పాత డ్రాయింగులో ఉన్న హెచ్‌ఎఫ్‌ఎల్ కన్నా మీ గీత పైన ఉంటే, ఖానాలు (వంతెన కింద నీళ్లు పోయే దారులు) ఇప్పటి వానలకు చాలడం లేదని చెప్పడానికి అదే బలమైన ఆధారం.

ఇక డబ్బు. బడ్జెట్ పుస్తకంలో రోడ్లు, వంతెనల నిర్వహణ 3054 పద్దు కింద, కొత్త నిర్మాణం 5054 కింద ఉంటాయి. అంచనా అంకె చూసి సంతోషించకండి. సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు కాలమ్‌లు చూడండి. నిర్వహణకు డబ్బు చాలకపోవడం నా ఉద్యోగమంతా చూశాను. కొత్త వంతెనకు శంకుస్థాపన ఉంటుంది, మరమ్మతుకు ఉండదు. ఈ వరస మారాలి.

వరదలో దెబ్బతింటే తక్షణ మరమ్మతుకు రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి (ఎస్‌డీఆర్‌ఎఫ్) ఉంది. దానికి నష్టం అంచనా త్వరగా పైకి వెళ్లాలి కాబట్టి నీళ్లు తగ్గగానే ఏఈని పిలవండి. ముప్పును ముందే తగ్గించే పనులకు ఉన్నది రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి (ఎస్‌డీఎంఎఫ్). 2021-26కు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో 80 శాతం ప్రతిస్పందనకు, 20 శాతం ఈ ఉపశమన నిధికి కేటాయించింది. ఇది మామూలు నిర్వహణకు ఇచ్చే డబ్బు కాదు. అర్జీలో "మరమ్మతు" అని మాత్రమే రాస్తే అక్కడే ఆగిపోతుంది. వరద ఎంత ఎత్తున వచ్చింది, ఎన్ని ఊళ్లకు దారి తెగింది, ఖానాలు పెంచితే ఏ ముప్పు తగ్గుతుంది, ఇవి రాయాలి. కాపీ కలెక్టర్‌కు ఇవ్వండి, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఆయనే అధ్యక్షుడు.

2021 నవంబరు వరదల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని నది మీది వంతెన కూలింది. 2024 సెప్టెంబరులో నందిగామ దాపున ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారి మీదికే నీళ్లొచ్చాయి. అక్కడ చిక్కుకున్న లారీ డ్రైవరుకు వంతెన ఖర్చు వేరు, వాతావరణ ఖర్చు వేరు అని ఎవరు చెప్పగలరు? బలహీనమైన వంతెనను వాన రాకముందే బాగుచేయడం కూడా వాతావరణ కార్యక్రమమే.

అర్జీ ఇచ్చాక చివరి తనిఖీ నివేదిక, అందులో సూచించిన పనులు, వాటి అంచనా కాపీలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎస్టిమేటు సంక్రాంతికి ముందే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) దగ్గరికి చేరేలా చూడండి. బడ్జెట్ సభలో పెట్టాక వెళ్తే మరో ఏడాది ఆగాల్సి వస్తుంది.