జంతు హింస కేసులో దర్యాప్తుకు వెళ్లే ముందు

- సోదాకు చట్టప్రకారం అనుమతి ఉందా? లోపల కుక్క ఎంత దీనంగా మూలుగుతున్నా ముందు ఇది చూసుకోండి. లేకపోతే దొరికిన సాక్ష్యం కోర్టులో నిలవకపోవచ్చు.

- దేన్నీ కదపకముందే ఫొటోలు తీయాలి. మొదట స్థలం, తర్వాత జంతువు, ఆఖరున పక్కన స్కేలు పెట్టి గాయం. నీళ్ల గిన్నె అడుగున ఎండిన పాచి, మెడ చర్మంలోకి దిగిపోయిన గొలుసు తప్పనిసరిగా పడాలి.

- వెటర్నరీ డాక్టర్‌ని వెంట తీసుకెళ్లండి. బక్కచిక్కిన జంతువుకు తిండి పెట్టకముందే తూకం వేయించి, తర్వాత కూడా బరువు క్రమంగా రాయించండి. మామూలు తిండితోనే కోలుకుంటే "దానికేదో జబ్బు సార్" అన్న వాదన నీరుగారిపోతుంది. ఎక్స్‌రే కూడా తీయించండి. సగం అతుక్కున్న పాత ఎముక కనబడితే కొట్టడం ఒక్కసారితో ఆగలేదేమోనని అనుమానించాలి.

- రక్తం అంటిన తాడును ఆరనిచ్చి కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మకు బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. కళేబరాన్ని ఫ్రిజ్‌లో ఉంచండి, గడ్డకట్టించొద్దు.

- ఏ వస్తువు, ఎవరి చేతికి, ఎన్నింటికి వెళ్లిందో రాసుకోండి. విసుగొచ్చే పనే, కానీ ఇక్కడ తేడా వస్తే కేసు చేజారొచ్చు.

- ఆ ఇంట్లో పిల్లలు, ఆడవాళ్లు ఎలా ఉన్నారో కూడా ఓ కంట కనిపెట్టండి. జంతువును హింసించే చోట మనుషుల మీదా చేయి లేస్తుండొచ్చు.