పాత బాక్సింగ్ ఫైట్‌లో మోసాన్ని ఎలా పసిగట్టాలి

నేను ముందు రింగ్ చూడను, బాక్సర్ వెనక ఎవరున్నారో చూస్తాను. 1947 నవంబర్ 14, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జేక్ లమోటా, బిల్లీ ఫాక్స్ ఫైటే తీసుకోండి. ఫాక్స్ మేనేజర్ బ్లింకీ పలెర్మో, మాఫియా మనిషి ఫ్రాంకీ కార్బోకి కుడిభుజం. తర్వాత పందేలు చూడండి. ఉన్నట్టుండి ఒకవైపు మొగ్గితే అనుమానించాల్సిందే.

ఇక చేతులు. లమోటా తాళ్లకి ఆనుకుని, సరిగా తిరిగి కొట్టకుండా దెబ్బలు తిన్నాడు. కిందపడలేదు. నాలుగో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది, అంత మొండి ఘటం మరి.

ఓడినవాడికి ఆ తర్వాత ఏం దక్కిందో కూడా వెతకండి. లమోటాకి 1949లో టైటిల్ ఫైట్, అంటే ఛాంపియన్‌షిప్ కోసం పోటీపడే అవకాశం, దక్కింది. కావాలనే ఓడిపోయానని 1960లో అమెరికా సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.