ఎగ్జామ్ బ్రాంచ్ పని నేర్చుకుందాం, 3వ భాగం: నామినల్ రోల్

పోయిన భాగంలో అడ్మిషన్ రిజిస్టర్‌లోని వివరాలు ఎక్సెల్‌లోకి ఎక్కించాం కదా, ఇప్పుడు ఆ షీట్‌నే నామినల్ రోల్‌గా, అంటే పరీక్ష రాసే విద్యార్థుల పేర్లు, వివరాల జాబితాగా, యూనివర్సిటీకి పంపేముందు ఏం చూసుకోవాలో చెప్తాను. ఇక్కడున్న స్పెల్లింగే హాల్ టికెట్ మీదికి, మార్కుల మెమో మీదికి, చివరికి పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మీదికి ఎక్కుతుంది, అందుకే ఈ పనికి తొందర పనికిరాదు.

ముందు రోల్ నంబర్లు. జేఎన్‌టీయూ అఫిలియేటెడ్ కాలేజీనే తీసుకుందాం. నంబర్‌లో మొత్తం పది క్యారెక్టర్లు, మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాత రెండు కాలేజీ కోడ్, ఆ తర్వాత 1ఏ ఉంటే రెగ్యులర్, 5ఏ ఉంటే లేటరల్ ఎంట్రీ, తర్వాత బ్రాంచ్ (ఈసీఈకి 04, సీఎస్ఈకి 05), చివర సీరియల్. సీరియల్ 99 దాటితే ఏ0, ఏ1 అని నడుస్తుంది. కొత్తవాళ్లు 22 బ్యాచ్ కావాలంటే 22తో ఫిల్టర్ కొట్టేస్తారు, కానీ డిప్లొమా చేసి నేరుగా సెకండియర్‌లో చేరిన పిల్లల నంబర్ 23తో మొదలవుతుంది, డిటైన్ అయ్యి మళ్లీ చేరినవాళ్లది 21తో ఉండొచ్చు, ఈ రెండు రకాలవాళ్లూ లిస్టులోంచి జారిపోతారు. కాబట్టి ఫిల్టర్‌ని నమ్మకండి, సెక్షన్ అటెండెన్స్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని తలలు లెక్కేయండి.

పేరు టెన్త్ మెమోలో ఎలా ఉంటే అలాగే, ఇంటిపేరు ముందుంటే ముందే, ఇనీషియల్ ఉంటే ఇనీషియలే. ఆధార్‌లో వేరేగా ఉందని మీరే దిద్దొద్దు, ఏదుండాలో పిల్లలకి చెప్పి ఆధార్ మార్పించుకోమనండి, లేకపోతే అపార్ ఐడీ (విద్యార్థులకి ఇచ్చే శాశ్వత అకడమిక్ నంబర్) దగ్గర పేర్లు కలవక ఇబ్బంది పడతారు. పేర్లలో ఎక్స్‌ట్రా స్పేస్‌లకి ట్రిమ్ ఫార్ములా సరిపోతుంది.

అసలు ప్రమాదం పుట్టినతేదీ కాలమ్‌లో ఉంది. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 05-08-2005 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని మే 8 అనుకుంటుంది, చూడ్డానికి ఏ తేడా కనపడదు, 13-08-2005 అయితే పదమూడో నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోకుండా టెక్స్ట్‌గా వదిలేసి ఎడమవైపు అంటిస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని ఎడమకి, కొన్ని కుడికి ఉన్నాయంటే కుడివైపున్నవాటిని మెమోతో ఒక్కొక్కటీ చూడాల్సిందే. ఆధార్ కాలమ్‌ని టైపింగ్ మొదలుపెట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి, లేదంటే 12 అంకెలూ 2.3ఈ+11 లాగా కనిపిస్తాయి.

అన్నీ అయ్యాక ప్రింట్ తీసి క్లాసుకి తీసుకెళ్లండి, ప్రతి స్టూడెంట్ తన లైను తనే చదివి సంతకం పెట్టాలి, ఆబ్సెంట్ అయినవాళ్లని ఫోన్ చేసైనా పిలిపించండి. ఏ ఫార్ములా పట్టని తప్పుని కూడా తన పేరున్న మనిషి రెండు సెకన్లలో పట్టేస్తారు. ఇది బతిమాలి చెప్తున్నా, వీసాకి అప్లై చేసే టైంలో ఒక్క అక్షరం కోసం యూనివర్సిటీ చుట్టూ తిరిగే పిల్లల కష్టం చూస్తే ఈ గంట మీకు ఎక్కువ అనిపించదు.

వచ్చే భాగానికి మీ సెక్షన్ షీట్‌లో 5ఏ నంబర్లు విడిగా తీసి పెట్టుకోండి, హాల్ టికెట్లు, సీటింగ్ ప్లాన్ వాటితోనే మొదలుపెడదాం.