రోమన్ శాసనాలు చదవడం – 4వ పాఠం: బర్బాటుస్ ఉద్యోగపర్వం

కిందటి పాఠంలో పేర్లు విడదీయడం చూశాం. ఈసారి ఒక సేనాని పదవులనూ విజయాలనూ రాతి మీంచి చదివి, వాటిలో నమ్మదగినది ఎంతో తేలుద్దాం. మనం తీసుకునే రాయి క్రీ.పూ. 298 నాటి కాన్సుల్ (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడు) లూకియుస్ కొర్నేలియుస్ స్కిపియో బర్బాటుస్ శవపేటిక. అసలుది వాటికన్ మ్యూజియంలో ఉంది. రోమ్‌లో అప్పియా దారి పక్కన స్కిపియోల సమాధిలో కనిపించేది నకలు.

దాని మీద చెక్కిన లాటిన్ పద్యంలో పేరు, తండ్రి పేరు, రూపగుణాల పొగడ్త తీసేస్తే మిగిలేది ఇది:

కోన్సోల్ కేన్సోర్ ఐడిలిస్ క్వెయి ఫుయిట్ అపుద్ వోస్ / తౌరాసియా కిసౌనా సామ్నియో కేపిట్ / సుబిగిట్ ఒమ్నే లౌకానామ్ ఒప్సిదేస్క్వె అబ్దౌకిట్

అంటే: మీ మధ్య కాన్సుల్, సెన్సర్ (జనాభా లెక్కలు చూసే అధికారి), ఏడైల్ (నగర వ్యవహారాలు చూసే అధికారి) అయినవాడు, తౌరాసియా, కిసౌనా, సామ్నియో పట్టాడు, లూకానియా (దక్షిణ ఇటలీ ప్రాంతం) అంతటినీ లొంగదీసి జామీను మనుషుల్ని తీసుకుపోతాడు.

కాగితం మీద మూడు గళ్ళు గీయండి: పదవులు, క్రియలు, బయటి సాక్ష్యం.

మొదటి గడిలో మూడు పదవులూ రాయండి, కానీ వరుసను కాలక్రమం అనుకోకండి. ఏడైల్ చిన్న పదవి, ముందే చేసి ఉంటాడు. రాతి మీద చివర ఉంది. క్వేస్టర్ (ఖజానా అధికారి), ప్రేటర్ (న్యాయాధికారి) పదవులు కనబడలేదని కంగారు పడొద్దు. పదవులకు కనీస వయసులు పెట్టిన విల్లియా చట్టం క్రీ.పూ. 180లో వచ్చింది. ఆ మెట్లను 298కి అంటగట్టడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు.

రెండో గడి దగ్గర నిదానించండి. చిక్కంతా ‘సామ్నియో’లో ఉంది. సామ్నియం ఇటలీలోని ఒక దేశం. పాత లాటిన్ శాసనాల్లో పదం చివరి మకారం తరచూ రాయరు. అది పడిపోయిందనుకుంటే ‘సామ్నియం’ కర్మ అవుతుంది: దేశం మొత్తం పట్టాడు. పడిపోలేదనుకుంటే ‘సామ్నియంలో’ లేదా ‘సామ్నియం నుంచి’ రెండు ఊళ్ళు పట్టాడు, అంతే. ఒక్క అక్షరం మీద ఒక దేశం ఆధారపడింది! పైగా అదే రాతి మీద ‘లౌకానామ్’లో మకారం నిక్షేపంగా ఉంది. కాబట్టి రెండు అర్థాలూ గడిలో పక్కపక్కనే రాయండి; ఇప్పుడే ఒకటి కొట్టేయకండి.

మూడో గడికి రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన చరిత్ర పదో సంపుటం తీయండి. 298లో స్కిపియో రోమ్‌కు ఉత్తరాన ఎట్రూరియాలో వొలాతెర్రే దగ్గర పోరాడాడంటాడు లివీ. సామ్నియంలో బొవియానుం, ఔఫిదేనా పట్టినది తోటి కాన్సుల్ గ్నేయుస్ ఫుల్వియుస్. లూకానియన్లయితే తామే సంధి కోరి వచ్చి జామీను మనుషుల్ని ఇచ్చారు. అంటే ‘జామీను’ రెండుచోట్లా ఉంది, ‘లొంగదీయడం’ ఒక్క రాతి మీదే ఉంది. రెండు సాక్ష్యాలు కలిసే అంశం కింద గీత పెట్టండి. ముందు నిలబడేది అదే.

రాయి పాతది కనుక అదే నిజం అనేయడం తొందరపాటు. సమాధి పొగడ్త కుటుంబం రాయించుకున్నది. పైగా పద్యానికి ముందు ఒకటిన్నర వరుస చెక్కేసిన జాడ ఉంది. పద్యం తర్వాతి కాలంలో చేర్చిందని వాదించే పరిశోధకులున్నారు. లివీ కూడా దాదాపు మూడు శతాబ్దాల తర్వాత రాసినవాడే, ఆయన మాటా తుది తీర్పు కాదు.

అభ్యాసం: బర్బాటుస్ కొడుకు, క్రీ.పూ. 259 కాన్సుల్, శాసనంలో ‘కేపిట్ కోర్సికా అలేరియాక్వె ఉర్బె’ అని ఉంది. ఎక్కడెక్కడ మకారం పడిపోయిందో గుర్తించండి. అదే రాతిలో ‘ఒయినో’, ‘విరో’ అనే మాటలున్నాయి. తర్వాతి లాటిన్‌లో అవి ‘ఊనుం’, ‘విరుం’. ఇప్పుడు తండ్రి రాతి మీది ‘సామ్నియో’కి తిరిగి వెళ్ళి, రెండు అర్థాల్లో దేనివైపు మొగ్గు పెరిగిందో పెన్సిల్‌తో రాయండి. వచ్చే పాఠంలో అక్కడినుంచే మొదలుపెడదాం.