‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ ముగింపును ఎలా అర్థం చేసుకోవాలి?

1995లో మమోరు ఒషీ తీసిన ఈ జపనీస్ యానిమేషన్ సినిమా గంటన్నర కూడా ఉండదు. చాలామంది తికమకపడేది చివరి కొన్ని నిమిషాల దగ్గరే. చిన్నపిల్ల శరీరంలో కళ్లు తెరిచింది యంత్ర శరీరం ఉన్న పోలీసు అధికారిణి మేజర్ కుసనాగినా, ఆమెతో కలిసిపోయిన పప్పెట్ మాస్టర్ అనే ప్రోగ్రామా? (కథంతా కింద బయటపడుతుంది. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.)

1. ముందు సరైన ప్రింట్ చూసుకోండి. జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్ ఉండాలి. కెంజి కవాయ్ కట్టిన పాట మూడుసార్లు వస్తుంది: కుసనాగి శరీరం తయారయ్యేటప్పుడు, నగర దృశ్యాల మీద, చివరి టైటిల్స్ మీద. అది ప్రాచీన జపనీస్‌లో సాగే పెళ్లిపాట. కథ అయిపోయాక పెళ్లిపాట వేశాడంటే దర్శకుడు సగం విషయం చెప్పేసినట్టే. అప్పటి ఇంగ్లిష్ డబ్బింగ్‌లో టైటిల్స్ మీద వేరే పాట పెట్టారు కాబట్టి అందులో ఈ ఆధారం దొరకదు. ఇదే సినిమాకు మార్పులు చేసి 2008లో వదిలిన 2.0 వెర్షన్ కూడా మొదటిసారికి వద్దు. పప్పెట్ మాస్టర్ మగ గొంతును అందులో ఆడ గొంతుగా మార్చారు.

2. పరకాయ ప్రవేశం కథలను కాసేపు పక్కన పెట్టండి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పరకాయ ప్రవేశంలో ఒంటినే మారుస్తారు, లోపలి మనిషి మారడు. ఇక్కడ జరిగింది తిరగేసిన వ్యవహారం. ఆమె సహోద్యోగి బాతో చెయ్యి అడ్డుపెట్టడంతో కుసనాగి పాత మెదడు తూటాకు బలికాకుండా మిగిలింది, మారింది అందులోని మనిషే. పిల్ల శరీరం సంగతంటారా, హడావిడిలో నల్లబజారులో బాతోకి దొరికింది అదొక్కటే.

3. ఇద్దరూ కలిసిపోయే మ్యూజియం సన్నివేశాన్ని కాగితం, పెన్ను పెట్టుకుని మళ్లీ చూడండి. పప్పెట్ మాస్టర్ తనకు ఏం లేవంటున్నాడో రాసుకోండి: చావు, సంతానం. తన నకళ్లు తాను తీసుకోగలడు, కానీ నకలు నకలే. ఒక్క వైరస్ వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే కలయిక అడుగుతున్నాడు. ‘వాడు ఆమెను ఆక్రమించేశాడు’ అనే వాదన ఇక్కడే వీగిపోతుంది, ఎందుకంటే ఆక్రమిస్తే మిగిలేది మళ్లీ ఒక నకలే. ఇక, తాను తానుగానే ఉంటాననే హామీ ఉందా అని కుసనాగి అడిగితే లేదంటాడు. ‘కుసనాగి అలాగే బతికింది’ అనే వాదనకు అది దెబ్బ. గోడమీద చెక్కిన జీవపరిణామ వృక్షాన్నీ గమనించండి: ట్యాంకు తూటాలు దాన్ని తూట్లు పొడుస్తూ పైకి పాకి, ‘హోమినిస్’ (మనిషిని సూచించే లాటిన్ మాట) అనే మాటకు కాస్త కింద ఆగిపోతాయి.

4. బైబిల్ వాక్యాలు రెండింటినీ జతచేయండి. పడవ మీద వినబడ్డ గొంతు అద్దంలో మసకగా చూడటం గురించి చెబుతుంది. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, 12వ వచనం. దానికి ముందున్న 11వ వచనాన్ని కుసనాగి చివర్లో బాతోకి చెబుతుంది: పిల్లవాడిగా ఉన్నప్పుడు పిల్లవాడిలా మాట్లాడాను, పెద్దయ్యాక ఆ చేష్టలు మానేశాను అని. ఆ సన్నివేశంలోనే పసిగొంతు పెద్దగొంతుగా మారుతుంది. సబ్‌టైటిల్స్ మీదే కళ్లు పెట్టుకుంటే ఇది జారిపోతుంది, అందుకే ఒకసారి కళ్లు మూసుకుని వినండి. వెంటనే, పప్పెట్ మాస్టర్ అనే ప్రోగ్రామూ మేజర్ అనే స్త్రీ ఇద్దరూ ఇక్కడ లేరంటుంది. దీన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడమే మంచిది: పుట్టింది బిడ్డ, తల్లీ కాదు, తండ్రీ కాదు.

5. అయినా ఒక ముడి మిగులుతుంది. మళ్లీ కలిసినప్పుడు గుర్తుపట్టడానికి ‘2501’ అనే సంకేతం బాతోకి ఇస్తుంది. అది పప్పెట్ మాస్టర్ ప్రాజెక్టు నంబరు, కానీ ఇస్తున్నది కుసనాగి స్నేహితుడికి. దీన్ని ఏదో ఒక పక్షానికి లాగకండి.

6. 2004 నాటి ‘ఇన్నోసెన్స్’ను ఈ పనంతా అయ్యాకే చూడండి, అది దీనికి కొనసాగింపు. 2002లో మొదలైన టీవీ సిరీస్ వేరే కథాలోకం. దాంట్లో కుసనాగి మామూలుగా ఉద్యోగం చేసుకుంటోంది కదా అని ఇక్కడికి సాక్ష్యంగా తేవద్దు.